బడితోటకు గ్రాంటు అడిగేటప్పుడు ముందు అడగవలసింది మనిషి ఖర్చు

మీ ఊరి ఉన్నత పాఠశాల ఆవరణలో ఖాళీగా ఉన్న పాతిక సెంట్లలో పిల్లలకు కూరగాయల సాగు నేర్పే తోట వేయాలనుకుంటున్నామని, దానికి నిధులు ఎవరిస్తారో, దరఖాస్తులో ఏమి రాయాలో చెప్పమని అడిగారు. మా మండలంలోని ప్రభుత్వ పాఠశాలల్లో ఇదే పని చాలాకాలంగా చేస్తున్నాను కనుక అనుభవంలో తేలిన సంగతులు రాస్తున్నాను.

తోట వేయడానికి డబ్బు దొరకడం అంత కష్టం కాదు. మధ్యాహ్న భోజన పథకం కింద పాఠశాల పోషకాహార తోటలకు 2019లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చి, ఒక్కో తోటకు 5,000 రూపాయలు వాడుకునే వీలు కల్పించింది. పాఠశాల విద్యా పథకమైన సమగ్ర శిక్షలోని యూత్, ఎకో క్లబ్ పద్దు కింద ఉన్నత పాఠశాలకు 25,000 రూపాయల వరకు మంజూరు చేయవచ్చు. ఇవి ఏటా ప్రతి బడికీ వస్తాయని లెక్క వేసుకోవద్దు. ప్రధానోపాధ్యాయుల ద్వారా మండల విద్యాశాఖాధికారిని అడిగి ఈ సంవత్సరం సంగతి తెలుసుకోండి. విత్తనాలకు, పారలకు, ఎరువుకు ఆ మొత్తం చాలు.

తోటను చంపేది వేసవి. ఏప్రిల్ చివర్లో మూసిన బడి జూన్ 12 వరకు తెరవరు. ఆ ఎండల్లో నీళ్లు పెట్టే దిక్కు లేక బీర, సొర పాదులే కాదు, కొత్తగా నాటిన మునగ కూడా ఎండిపోవడం ఎన్నో బళ్లలో చూశాను. అందుకే కంచెకూ డ్రిప్పుకూ పెద్ద మొత్తాలు రాసి ఊరుకోకుండా, వారానికి రెండు రోజులు వచ్చి పాఠం చెప్పే స్థానిక రైతుకో, స్వయం సహాయక సంఘం మహిళకో గౌరవ వేతనం, సెలవుల్లో కాపలా మనిషి కూలి బడ్జెట్‌లో విడిగా చూపించండి. మేము పనిచేసిన ఒక బడిలో భోజనాల తర్వాత పిల్లలు కంచాలు కడిగిన నీటిని చిన్న కాలువ తీసి గోంగూర మడికి మళ్లించాము. ఆరో తరగతి పిల్లలు ఆ మడి పొడవు, వెడల్పు కొలిచి వైశాల్యం లెక్క అక్కడే చేసేవారు. దరఖాస్తులో ఇటువంటి పాఠాలను తరగతివారీగా రాస్తే, చదివేవారికి ఇది విద్యా కార్యక్రమమని స్పష్టంగా తెలుస్తుంది.

ఈ మనిషి ఖర్చుకు కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) నిధులే సరైన దారి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ పరిధిలోకి వచ్చే సంస్థలు మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం ఖర్చు చేయాలి. ఆ డబ్బు ఏ పనులకు వాడవచ్చో చెప్పే ఆ చట్టం ఏడవ షెడ్యూలులో విద్య, పోషకాహార లోప నివారణ, పర్యావరణం మూడూ ఉన్నాయి. అయితే ఊరి కమిటీ పేరిట ఆ డబ్బు రాదు. ఆదాయపు పన్ను చట్టం కింద 12ఏ, 80జీ నమోదులు, మూడేళ్ల పని అనుభవం, సీఎస్ఆర్ పనులు చేపట్టే సంస్థగా నమోదైనట్టు చూపే సీఎస్ఆర్-1 నంబరు ఉన్న ట్రస్టునో సొసైటీనో కలుపుకోవాలి. అడిగేటప్పుడు ఒక్క సంవత్సరానికి కాక కొనసాగే ప్రాజెక్టుగా అడగండి. ప్రారంభించిన ఆర్థిక సంవత్సరం కాక మరో మూడేళ్ల వరకు నడిపేందుకు నిబంధనలు ఒప్పుకుంటాయి. అప్పుడే వేసవులు దాటే ఏర్పాటు కుదురుతుంది.

అమెరికాలో ఉన్న ఊరివాళ్లు సాయం చేస్తామంటే ఒక జాగ్రత్త అవసరం. భారత పాస్‌పోర్టు ఉన్నవారు బ్యాంకు ద్వారా తమ సొంత సంపాదన నుంచి పంపేది విదేశీ విరాళం కాదు; అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు ఇచ్చేది మాత్రం విదేశీ విరాళమే. దానిని విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద నమోదు గానీ, ముందస్తు అనుమతి గానీ ఉన్న సంస్థ మాత్రమే తీసుకోగలదు. పైగా ఆ చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత ఆ సంస్థ ఆ సొమ్మును మీ కమిటీకి బదిలీ చేయడానికి కూడా వీల్లేదు, తానే ఖర్చు చేయాలి.

దరఖాస్తుతో పాటు స్థలం వాడుకోవడానికి ప్రధానోపాధ్యాయుల లేఖ, పాఠశాల కమిటీ తీర్మానం, నీటి ఆధారం వివరం జతచేయండి. డబ్బు వచ్చిన రోజు నుంచే వోచర్లు తేదీల వారీగా ఒక ఫైల్లో పెట్టండి. వినియోగ ధ్రువపత్రం ఆలస్యమైతే రెండో విడత ఆగుతుంది, రెండో విడత ఆగితే సెలవుల కూలి ఆగుతుంది.