ఉద్యోగం వచ్చింది సరే, నన్ను చూసుకునేదెవరు?

ప్రశ్న: నాకు 32 ఏళ్లండి. పుట్టినప్పటి నుంచీ సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడుకి దెబ్బ తగిలి కండరాలు అదుపులో ఉండని సమస్య, రెండు కాళ్లూ బిగుసుకుని ఉంటాయి, ఇంట్లో వాకర్‌తో నడుస్తా, బయటికైతే వీల్‌చైరే. మాట కాస్త ముద్దగా వస్తుంది. ఇన్నాళ్లూ ఇంటి నుంచే అకౌంట్స్ పని చేసుకున్నా, ఇప్పుడు వేరే ఊళ్లో మంచి ఉద్యోగం వచ్చింది, వారానికి మూడు రోజులు ఆఫీసుకి రావాలట. నాకు స్నానం, బట్టలు మార్చడం, రాత్రి బాత్‌రూంకి లేపడం అన్నీ అమ్మే. అమ్మకి 64 ఏళ్లు, నడుం నొప్పి. అన్నయ్యేమో నేనున్నా కదా, నీకెందుకు ఆ తిప్పలు అంటాడు, వదిన ఏమీ అనదు. ఏడాదిగా నాకు నడక తగ్గింది, అలసట ఎక్కువైంది, అది కంపెనీకి చెప్తే ఉద్యోగం పోతుందని భయం. ముందు ఉద్యోగంలో చేరిపోయి, తర్వాత ఇల్లు చూసుకుని, ఆ పైన మనిషిని పెట్టుకుందామనుకుంటున్నా. అమ్మని వదిలి వెళ్లాలనుకోవడం స్వార్థమా?

జవాబు: స్వార్థం కాదమ్మా. 64 ఏళ్ల మనిషి 32 ఏళ్ల మనిషిని రోజూ ఎత్తి దించడం ఇంకెన్నాళ్లు సాగుతుంది చెప్పండి, ఏదో ఒక రోజు ఆవిడ నడుం పట్టేసి మంచం మీద పడితే ఆ రోజు సాయంత్రానికల్లా మీకు వేరే మనిషి కావాలి, అప్పుడు ఎవరు దొరికితే వాళ్లే, మీకు నచ్చినా నచ్చకపోయినా. అది రాకముందే ఇప్పుడు, అమ్మ బాగున్నప్పుడే, ఆ పని ఆవిడ ఒక్కదాని చేతుల్లోంచి తప్పించాలి. కాబట్టి వెళ్లాలా వద్దా అన్నది నాకసలు ప్రశ్నగానే అనిపించలేదు. నాకు తేడాగా అనిపించింది మీరు పెట్టుకున్న వరస. ఉద్యోగం, తర్వాత ఇల్లు, చివర్లో సాయం అంటున్నారు. దాన్ని తిరగేయండి. ముందు సాయం, దాన్ని బట్టి ఇల్లు, ఆ రెంటినీ బట్టి ఆఫీసు టైమింగ్స్. పొద్దున మిమ్మల్ని లేపి తయారుచేసే మనిషి ఎనిమిదింటికి గానీ రాలేనంటే తొమ్మిదింటి ఉద్యోగం ఎలా చేస్తారు?

ఒక వారం పాటు మీకు ఎవరైనా ఏ సాయం చేసినా ఫోన్‌లో నోట్ చేసుకోండి, ఎంతసేపు పట్టిందో కూడా. స్నానం, బాత్‌రూం అయితే గుర్తుంటాయి గానీ సీసా మూత తీయడం, కింద పడిన ఫోన్ అందించడం, రాత్రి పక్కకి తిప్పి పడుకోబెట్టడం, బిగుసుకున్న కాలు చాపడం, ఇలాంటివి అమ్మ మీరు అడక్కుండానే చేసేస్తుంటుంది, అవి మీ లెక్కలోకే రావు. కొత్త ఊళ్లో మొదటి వారం ఏడిపించేవి అవే. ఆ లిస్టు పట్టుకుని ఒక ఆక్యుపేషనల్ థెరపిస్టు దగ్గర కూర్చోండి, ఫిజియో వేరు వీళ్లు వేరు, రోజువారీ పనులు ఎలా తేలిక చేసుకోవాలో చెప్పేది వీళ్లు. కూర్చుని స్నానం చేసే కుర్చీ, చేత్తో పట్టుకునే షవర్, గోడకి పట్టుకునే గట్టి కడ్డీలు, మంచం పక్కనే కమోడ్, బొత్తాలు లేని బట్టలు, వీటితోనే లిస్టులో కొంత భాగం మనిషి లేకుండా గడిచిపోవచ్చు. మిగిలిందే మనిషి చేయాల్సింది, అది పొద్దున రెండు గంటలు రాత్రి ఒక గంట అని తేలిందనుకోండి, మీకు రోజంతా ఉండే మనిషి అక్కర్లేదు, ఖర్చూ తగ్గుతుంది, ఇంట్లో మీకంటూ కాస్త ఏకాంతమూ ఉంటుంది. 32 ఏళ్లొచ్చినా గదిలో ఒంటరిగా ఉండే వీలు లేకపోవడం చిన్న విషయం కాదు, దాని గురించి ఎవరూ మాట్లాడరు గానీ.

రాత్రి బాత్‌రూం సంగతి మాత్రం విడిగా చూసుకోండి, అన్నిట్లోకీ కష్టమైంది అదే. పక్కనే కమోడ్ పెట్టుకుని మీ అంతట మీరు మారగలరా అన్నది థెరపిస్టుతో ప్రాక్టీస్ చేసి చూడాలి. కుదరకపోతే రాత్రి పడుకునే మనిషి కావాలి, తప్పదు. లేపేవాళ్లు లేరని సాయంత్రం నుంచి మంచినీళ్లు మానేసే పని మాత్రం చేయకండి, చాలామంది చేస్తారు, దానివల్ల మలబద్ధకం, యూరిన్ ఇన్ఫెక్షన్లు వచ్చే అవకాశం పెరుగుతుంది.

మనుషుల్ని ఎంచుకునేది మీరే అవ్వాలి. అమ్మ కాదు, అన్నయ్య కాదు. ఒకళ్లని కాదు ఇద్దర్ని చూసుకోండి, రెండో మనిషి వారానికి ఒకటి రెండు రోజులు వచ్చినా చాలు, మొదటి మనిషికి జ్వరమొస్తే మీ జీవితం ఆగిపోకూడదు కదా. మీ ఇంట్లోనే, ఇప్పుడే మొదలెట్టండి. వచ్చిన మనిషికి మీ ఒంటి గురించి మీరే చెప్పాలి: కాలు బిగుసుకున్నప్పుడు గుంజకు, ఆగు, దానంతటదే వదులుతుంది, పెద్ద శబ్దం చేస్తే నేను ఉలిక్కిపడి ఒళ్లంతా బిగుసుకుపోతుంది, నన్ను లేపేటప్పుడు చంకల కింద పట్టుకోకు, ఇలా పట్టుకో అని. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి గోడకి అంటించండి. మీ మాట కొత్తవాళ్లకి అర్థం కావడానికి కొన్నాళ్లు పడుతుంది, అందుకే కొత్త ఊరికి వెళ్లాక కాదు ముందే అలవాటు చేయమంటున్నా. ఆ టైంలో అమ్మ ఇంట్లో ఉన్నా ఆ గదిలోకి రాకూడదు. ఇది ఆవిడకి కష్టం, ఇన్నేళ్లు చేసిన చేతులు ఊరుకోవు, పైగా నేనిక అక్కర్లేదా అనిపిస్తుంది. ఆవిడతో కూర్చుని నువ్వు నాకు ఇకనుంచి అమ్మవిగా కావాలి, ఎత్తి దించే మనిషిగా కాదు అని చెప్పండి. ఏడుస్తుందేమో, ఏడవనివ్వండి.

ఇంకో విషయం, ఇది మెత్తగా చెప్పలేను. సాయానికి వచ్చే మనిషి చేతిలో మన ఒళ్లు ఉంటుంది, అలుసుగా తీసుకునేవాళ్లూ ఉంటారు. అరిచినా, కావాలని ఆలస్యం చేసి మిమ్మల్ని తడిలో కూర్చోబెట్టినా, మీ డబ్బు ముట్టుకున్నా, చేయి వేయకూడని చోట వేసినా ఇంకో ఛాన్స్ ఇవ్వొద్దు, ఆ రోజే పంపించేయండి. ఈ మనిషి లేకపోతే నాకు దిక్కెవరు అనే భయంతోనే చాలామంది ఏళ్ల తరబడి భరిస్తారు, రెండో మనిషి ఉండాలన్నది అందుకు కూడా. ఏటీఎం పిన్ ఎవరికీ చెప్పొద్దు. రోజూ ఒక టైంకి ఫోన్ చేసే ఫ్రెండ్ ఒకరిని పెట్టుకోండి, మీరు ఎత్తకపోతే వాళ్లు ఊరుకోకూడదు.

సాయం తీసుకుంటూ స్వతంత్రంగా బతకడం ఏంటని మీవాళ్లు అంటారేమో. అమెరికాలో ఎడ్ రాబర్ట్స్ అని ఒకాయన ఉండేవాడు, పోలియో వల్ల మెడ కింద దాదాపు ఏమీ కదిలేది కాదు, రాత్రిళ్లు ఊపిరికి మెషీన్ కావాల్సిందే. 1962లో బర్క్‌లీ యూనివర్సిటీలో చేరాడు, హాస్టల్లో ఉంచడానికి వీల్లేక క్యాంపస్ ఆసుపత్రిలోనే గది ఇచ్చారు. ఆయనా, ఆయన తర్వాత వచ్చిన వికలాంగ విద్యార్థులూ తమ అటెండెంట్లని తామే పెట్టుకున్నారు, ఏ పని ఎప్పుడు చేయాలో తామే చెప్పారు. 1972లో అక్కడే ఇండిపెండెంట్ లివింగ్ సెంటర్, అంటే వికలాంగులు స్వతంత్రంగా బతకడానికి వికలాంగులే తోడ్పడే కేంద్రం, మొదలైంది, ఆ తర్వాత చాలా దేశాల్లో వచ్చాయి. మీ చొక్కా మీరే తొడుక్కోగలరా లేదా అన్నది వాళ్లకి లెక్కలోది కాదు, ఏ చొక్కా, ఎప్పుడు, ఎవరు తొడగాలో చెప్పేది ఎవరన్నదే లెక్క. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందంలో 19వ అధికరణం కూడా ఇదే చెప్తుంది, ఎక్కడ ఉండాలో ఎవరితో ఉండాలో మిగతావాళ్లలాగే వాళ్లూ ఎంచుకోవచ్చని.

ఇల్లు చూసేటప్పుడు ఫొటోలు నమ్మొద్దు, టేపు పట్టుకుని ఎవర్నైనా పంపించండి, కుదిరితే వీల్‌చైర్‌తో మీరే వెళ్లండి. తలుపు తెరిస్తే మధ్యలో 80 సెంటీమీటర్లన్నా ఖాళీ రావాలి, 90 ఉంటే హాయి. వీల్‌చైర్ వెనక్కి తిప్పుకోవడానికి 150 సెంటీమీటర్ల జాగా కావాలి, బాత్‌రూంలో అది చాలా ఇళ్లలో ఉండదు, మొత్తం ఇల్లు నచ్చి బాత్‌రూం కుదరకపోతే ఆ ఇల్లు వద్దు. ర్యాంప్ ఒక అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవుండాలి, నిట్టనిలువుగా పలక వేసేసి ర్యాంప్ అంటారు కొందరు. గోడకి ఆ కడ్డీలు బిగించడానికి ఓనర్ ఒప్పుకున్నాడా అన్నది అడ్వాన్స్ ఇవ్వకముందే రాయించుకోండి. లిఫ్ట్ ఆగిపోతే ఏం చేస్తారో ఆలోచించి గ్రౌండ్ ఫ్లోర్‌కే ఓటేయండి. ఆఫీసుకి దగ్గరగా చిన్న ఇల్లు, దూరంగా పెద్ద ఇల్లు రెండూ ఉంటే దగ్గరదే తీసుకోండి, ప్రయాణంలో పోయే ఓపిక మీకు మళ్లీ రాదు.

ఓపిక అన్నాను కదా, దాని గురించే అసలు చెప్పాలి. సెరిబ్రల్ పాల్సీలో మెదడుకి జరిగిన దెబ్బ పెరగదు, ఆ మాట డాక్టర్లు చిన్నప్పుడు మీ అమ్మకి చెప్పే ఉంటారు, నిజమే. కానీ ఒళ్లు మాత్రం అలాగే ఉండిపోదు. బిగుసుకున్న కండరాలతో నడవడానికి ఖర్చయ్యే శక్తి మామూలు నడక కంటే చాలా ఎక్కువ, కొందరిలో రెండు మూడు రెట్లు. ఏళ్ల తరబడి అలా నడిచి కీళ్లు త్వరగా అరిగిపోతాయి, పెద్దయ్యాక సగం కంటే ఎక్కువమందికి ఏదో ఒక నొప్పి ఉంటుంది, కనీసం నలుగురిలో ఒకరికి నడక తగ్గుతుంది. అది మీ బద్ధకం కాదు, ఎక్సర్‌సైజ్ మానేసినందుకు శిక్షా కాదు. అలాగని మనకింతేలే అని వదిలేయకండి. ఏడాదిలో నడక తగ్గిందంటే డాక్టర్ చూడాల్సిందే, ముఖ్యంగా చేతుల్లో తిమ్మిరి, పట్టు తప్పడం, యూరిన్ ఆపుకోలేకపోవడం కొత్తగా మొదలైతే మెడ దగ్గర వెన్నుపాము నొక్కుకుపోతోందేమో న్యూరాలజిస్టు చూడాలి, దాన్ని కూడా సెరిబ్రల్ పాల్సీ ఖాతాలో వేసేసి వదిలేయడం జరుగుతుంటుంది. చిన్నప్పుడు ఉన్నంత శ్రద్ధ పెద్దయ్యాక చాలా ఆసుపత్రుల్లో ఉండదు, బ్రిటన్‌లో పెద్దవాళ్ల సెరిబ్రల్ పాల్సీకని విడిగా నైస్ (వైద్యానికి మార్గదర్శకాలు ఇచ్చే అక్కడి సంస్థ) గైడ్‌లైన్ వచ్చిందే 2019లో. కండరాల బిగుతుకి బాక్లోఫెన్ అనే మందు వాడుతుంటే మగతగా ఉందని మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపొద్దు, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది.

ఇంకా, ఆఫీసులో నడిచి చూపించాలనే పట్టుదల పెట్టుకోకండి. నడవగలిగినా వీల్‌చైర్ వాడండి, బాలెన్స్ షీట్ చూడాల్సిన ఓపికని కారిడార్‌లో ఎందుకు ఖర్చు పెట్టాలి?

కంపెనీకి చెప్పాలా అంటే, ఆఫర్ రాతపూర్వకంగా చేతికొచ్చాక, చేరకముందే చెప్పండి, చేరాక ఇబ్బంది పడుతూ చెప్పేకంటే ఇది నయం. జబ్బు చరిత్ర అంతా అక్కర్లేదు, కావాల్సినవి చెప్పండి. ఆఫీసు రోజులు వరుసగా కాకుండా రోజు విడిచి రోజు, రావడం పోవడంలో అరగంట అటూ ఇటూ, వీల్‌చైర్ పట్టే టేబుల్, అదే ఫ్లోర్‌లో వాడుకోగలిగే బాత్‌రూం, ఫోన్ బదులు వీలైనంత వరకు చాట్, మంటలేవైనా అంటుకుని లిఫ్ట్ ఆగితే నన్ను కిందికి దించేదెవరు అన్నదానికి ఒక ప్లాన్. మీటింగ్‌లో నా మాట అర్థం కాకపోతే మళ్లీ అడగండి, అర్థమైనట్టు తలూపొద్దు అని కూడా మొదట్లోనే చెప్పేయండి, అందరికీ తేలికవుతుంది. ఇవన్నీ మెయిల్‌లో రాయండి, నోటి మాటగా వద్దు. దయ చూపమని అడుగుతున్నట్టు కాకుండా పని బాగా జరగడానికి ఇవి కావాలి అన్నట్టు రాయండి. పైన చెప్పిన ఒప్పందంలోనే 27వ అధికరణం ఉద్యోగం గురించి, ఇలాంటి తగిన సర్దుబాట్లు చేయాలని అందులో ఉంది, సంతకం చేసిన చాలా దేశాలు సొంత చట్టాలూ పెట్టుకున్నాయి, మీకు వర్తించేది ఏదో చదివి పెట్టుకోండి. ఇవి విని వెనక్కి తగ్గే కంపెనీ అయితే, ఇల్లు మారకముందే తెలిసిపోవడం మంచిదే.

అన్నయ్య విషయానికొస్తే, ఆయన ప్రేమతోనే అంటున్నాడు, నాకు అనుమానం లేదు. కానీ నేనున్నా అనే మాటకి వివరం అడగండి, కోపంగా కాదు. రాత్రి రెండింటికి నన్ను బాత్‌రూంకి తీసుకెళ్లేది నువ్వా వదినా అని. ఆ ప్రశ్నకి జవాబు మీ ఇద్దరికీ తెలుసు, వదిన మాట్లాడకపోవడం కూడా ఒక జవాబే, ఆవిడని తప్పు పట్టకండి, అడక్కుండా ఆవిడ మీద బరువు వేసేస్తున్నారు. అన్నయ్య నిజంగా చేయగలిగేవి వేరే ఉన్నాయి: మొదటి రెండు నెలలు ఇంటి ఏర్పాట్లకి ఖర్చు కొంత పెట్టుకోవడం, ఇల్లు కొలిచి రావడం, మీ మనిషి రాని రోజు ఫోన్ చేస్తే బయల్దేరడం. పెద్దవాళ్ల తర్వాత మీ పేరు మీద ఏముంటుంది, దాని మీద సంతకం ఎవరిది అన్నది కూడా ఆయనతో ఇప్పుడే, అమ్మ ఎదురుగానే మాట్లాడి రాయించుకోండి. ఎబ్బెట్టుగా ఉంటుంది, అయినా సరే.

జాయినింగ్‌కి ఆరు వారాలు టైం అడగండి, అంత ఇవ్వకపోతే మొదటి నెల ఇంటి నుంచి చేస్తానని అడగండి. ఆ టైంలో డాక్టర్, థెరపిస్టు, ఇద్దరు మనుషులు, ఇల్లు. వెళ్లాక మూడు నెలలు ట్రయల్ అనుకోండి, ఇంట్లో మీ గది ఖాళీ చేయొద్దని అమ్మకి చెప్పి వెళ్లండి, మొదటి ఏర్పాటు కుదరకపోతే వచ్చి ఇంకోలా కుదుర్చుకుని మళ్లీ వెళ్లొచ్చు. ఈ వారం మాత్రం డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకోండి, కంపెనీకి రాసే మెయిల్ కూడా ఆ తర్వాతే.