బ్యాక్‌లాగ్‌లు ఉంటే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆగిపోతుందా?

"అన్నా, బీటెక్ సెకండియర్ సెకండ్ సెమ్‌లో ఉన్నాను. మూడు బ్యాక్‌లాగ్‌లు (పాసవకుండా మిగిలిన సబ్జెక్టులు) ఉన్నాయి. థర్డియర్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్ రెన్యువల్ అవుతుందా, ఆపేస్తారా?" అని అడిగిన తమ్ముడికి ఈ జవాబు.

అవుతుంది. మూడు బ్యాక్‌లాగ్‌ల కోసం నిద్ర పాడుచేసుకోకు. పై క్లాసుకి ప్రమోట్ అయ్యావా లేదా, హాజరు 75 శాతం ఉందా లేదా, చదువు విషయంలో సర్కారు వాళ్లు చూసేది ఈ రెండే. ప్రమోషన్‌కి క్రెడిట్ల (సబ్జెక్టు పాసైతే వచ్చే పాయింట్ల) లెక్క ఉంటుంది. జేఎన్‌టీయూహెచ్‌లో మా 2016 బ్యాచ్‌కి సెకండియర్ నుంచి థర్డియర్‌కి వెళ్లాలంటే అప్పటివరకు ఉన్న క్రెడిట్లలో 60 శాతం వచ్చి ఉండాలి. మూడు సబ్జెక్టులు పోయినా ఆ గీత దాటొచ్చు. రెగ్యులేషన్ మారితే లెక్క మారుతుంది కాబట్టి నీ బ్యాచ్ రెగ్యులేషన్ పుస్తకం ఒకసారి తెరిచి చూసుకో.

నువ్వు భయపడాల్సింది హాజరు గురించి. ఆ సంగతి నువ్వు అడగనే లేదు. ఎవరూ అడగరు. నేనూ అడగలేదు.

నేను బీసీ-బి. మా నాయిన తాళ్లెక్కే మనిషి. 2018 ఫిబ్రవరిలో, కల్లు బాగా పారే రోజుల్లో, పొద్దున్నే లొట్లు (కల్లు కుండలు) దించుతుంటే మోకు జారి తాటిచెట్టు మీంచి పడ్డాడు. నడుము ఎముక విరిగింది. హైదరాబాద్‌లో సర్కారు దవాఖానలో ఆయన్ని పక్కకు తిప్పడానికి కూడా ఇద్దరు కావాలి. అమ్మ, నేను. చెల్లె అప్పుడు టెన్త్ పరీక్షలకు చదువుతోంది, దాన్ని మేనత్త ఇంట్లో ఉంచాం. నేను పుస్తకాలు పట్టుకెళ్లాను, రాత్రిళ్లు వార్డు బయట బెంచీ మీద చదివాను కూడా. పరీక్షలు పాసైతే చాలు, మిగతావన్నీ తర్వాత చూసుకోవచ్చనుకున్నాను. సెమిస్టర్‌లో మొత్తం మీద 30 రోజులకు పైగా కాలేజీకి పోలేదు.

ఏప్రిల్‌లో హాల్ టికెట్ కోసం వెళితే మెట్ల కింద నోటీసు బోర్డు మీద డిటెయిన్ లిస్టు, అంటే హాజరు తక్కువై పరీక్షకు కూర్చోనివ్వని వాళ్ల లిస్టు, పెట్టి ఉంది. నాలుగు పేజీలు పిన్నులతో గుచ్చారు. నా హాల్ టికెట్ నంబర్ మూడో పేజీలో ఉంది, దాని ఎదురుగా 63.8. పక్కన ఎర్ర ఇంకుతో చిన్న అడ్డగీత. అందులో నా నంబర్ ఉండటానికి వీల్లేదని మళ్లీ మొదటి పేజీ నుంచి చదువుకుంటూ వచ్చాను.

కాలేజీ ఆఫీసు సెక్షన్‌లో క్లర్క్ సార్ దగ్గరికి దవాఖాన కాయితాలన్నీ పట్టుకుని పోయాను. ఆయన మంచాయన. కాయితాలు ఒక్కొక్కటీ చదివాడు, ఎక్స్‌రే కూడా కిటికీ వెలుగుకి పెట్టి చూశాడు. "అరె, 65 ఉన్నా కండోనేషన్ కింద నేనే ఫైల్ పెడుతుంటి గదరా, 65 లోపల ఎవ్వరి చేతిల లేదు" అన్నాడు. నిజమే, నియమం అదే. 75 ఉంటే గొడవే లేదు. 65 నుంచి 75 మధ్య ఉంటే సరైన కారణం, ఆధారాలు చూపించి, కండోనేషన్ ఫీజు కడితే కమిటీ ఆ తక్కువను మన్నించొచ్చు, కండోనేషన్ అంటే అదే. 65 లోపు పడితే ఏ కారణమూ చెల్లదు. ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి, అదీ జూనియర్లతో కలిసి, మరుసటి ఏడాది.

65కి నాకు తక్కువైంది 1.2 శాతం. 90 రోజుల సెమిస్టర్‌లో అది ఒక్క రోజు కంటే కొంచెం ఎక్కువ. ఇది రాస్తుంటే ఇప్పటికీ కడుపులో మెలిపెట్టినట్టు ఉంటుంది. ఎందుకంటే మార్చి ఆఖరున నాయిన గోడ పట్టుకుని నిలబడటం మొదలుపెట్టాక కూడా నేను ఇంకో నాలుగు రోజులు ఇంటి దగ్గరే ఉన్నాను. అమ్మ ఉండమనలేదు. ఆయన నిలబడుతుంటే చూడాలనిపించి ఉన్నాను. ఆ నాలుగు రోజుల్లో రెండు రోజులు పల్లెవెలుగు ఎక్కి కాలేజీకి పోయి ఉంటే సరిపోయేది. నీ హాజరు ఇంత ఉంది, ఈ వారం రాకపోతే పోతావు అని మార్చిలో ఒక్కరు ఒక్క ఫోన్ చేసి ఉంటే పోయేవాణ్ణి. ఫీజు బాకీ ఉంటే వారానికి రెండుసార్లు ఇంటికి ఫోన్ చేసే కాలేజీలు హాజరు తగ్గితే ఎందుకు చేయవు?

ఇక డబ్బు సంగతి. డిటెయిన్ అయి మళ్లీ చదివే ఏడాదికి రీయింబర్స్‌మెంట్ రాదు. మా కాలేజీ ఫీజు 60 వేలు. బీసీలకి ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) ర్యాంకు 10 వేల లోపు ఉంటేనే పూర్తి ఫీజు, దాటితే సర్కారు ఇచ్చేది 35 వేలే. మిగతా 25 వేలు ఎలాగూ మేమే కడుతున్నాం. (ఈ 35 వేల సంగతి కూడా అన్యాయమే. కాలేజీల ఫీజులు ఎక్కడికో పోయాయి, ఇదేమో అక్కడే ఉండిపోయింది. అది వేరే జవాబు రాయాల్సినంత విషయం.) ఆ ఏడాది మొత్తం 60 వేలూ మా నెత్తిన పడ్డాయి. చదివేది ఒక్క సెమిస్టరే అయినా కాలేజీ ఏడాది ఫీజు అడిగింది. అమ్మ 35 వేలు మూడు రూపాయల వడ్డీకి తెచ్చింది. అంటే నెలకి 1,050. 2018 డిసెంబర్‌లో తెచ్చిన అప్పు నాకు ఉద్యోగం వచ్చాక 2021 డిసెంబర్‌లో తీరింది. కట్టిన వడ్డీ 37,800. అసలు కంటే వడ్డీయే ఎక్కువ.

ఈ 75 శాతం నియమం అసలు ఎవరి మీద పడుతుందో చూడు. మేనేజ్‌మెంట్ సీటు వాడికి రీయింబర్స్‌మెంటే లేదు, వాడికి పోయేదేముంది? పత్తి ఏరే రోజుల్లో ఇంటికి పోవాల్సిన పిల్లలు, రాత్రి డెలివరీలు చేసి పొద్దున మొదటి పీరియడ్ అందుకోలేని పిల్లలు, ఇంట్లో మంచాన పడ్డ మనిషి ఉన్న పిల్లలు, పోగొట్టుకునేది వీళ్లే. హాజరు వద్దని నేను అనను. దొంగ అడ్మిషన్లు చూపించి డబ్బు తీసుకున్న కాలేజీలు ఉన్నాయి, హాజరు చూడకపోతే అదే జరుగుతుంది. కానీ కేంద్రం పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ నిబంధనల్లో జబ్బు వల్లో అనుకోని సంఘటన వల్లో పరీక్ష రాయలేకపోతే, ఆధారాలు చూపించి ప్రిన్సిపాల్ ధ్రువీకరిస్తే మరుసటి ఏడాదికి రెన్యువల్ చేయొచ్చని వెసులుబాటు రాసి ఉంది. పరీక్షకి ఇచ్చిన ఆ వెసులుబాటు హాజరుకి ఎందుకు ఉండకూడదు? తండ్రి నడుము విరగడం అనుకోని సంఘటన కాదా?

పైగా పిల్లాడు ఒక్క రోజు తక్కువైతే ఏడాది పోతుంది, సర్కారు మాత్రం బకాయిలు ఏళ్ల తరబడి పెట్టుకోవచ్చు. డబ్బు రాలేదని కోర్సు పూర్తయిన పిల్లల సర్టిఫికెట్లు ఆపే కాలేజీలు ఎన్ని లేవు? నాకు తెలిసిన అమ్మాయి టీసీ చేతికి రాక ఎంటెక్ సీటు వదులుకుంది.

నువ్వు ఆంధ్రలో చదువుతున్నా ఇందులో పెద్ద తేడా లేదు. విద్యా దీవెన అని తల్లుల ఖాతాలో వేసిన రోజుల్లోనూ 75 శాతం హాజరు అడిగారు. మార్కులు చూసే స్కాలర్‌షిప్‌లు వేరే ఉన్నాయి. ఇంటర్ మార్కుల మీద నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో వచ్చే సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ ఉంది కదా, దాని రెన్యువల్‌కి ఏటా 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు రెండూ కావాలి. నీకు అది కూడా వస్తుంటే అప్పుడు మాత్రం ఆ మూడు బ్యాక్‌లాగ్‌లు ఆలోచించాల్సిన విషయమే.

రేపు కాలేజీకి పోగానే సెక్షన్‌లో నీ శాతం ఎంతో అడుగు. సుమారుగా చెప్తే ఊరుకోకు, పాయింట్ తర్వాత అంకెతో సహా రాసిమ్మను. ఇంకా ఎన్ని రోజుల క్లాసులు మిగిలాయో కూడా అడుగు. 65 కీ 75 కీ మధ్య ఉంటే కాయితాలు ఇప్పుడే పోగుచేయడం మొదలుపెట్టు, లిస్టు పడేదాకా ఆగకు. ఆ అంకె ఇక్కడ కింద రాయి. కండోనేషన్ దరఖాస్తుకి ఏమేం జతచేయాలో నేను చెప్తాను. నాయిన కోసం పోగుచేసిన కాయితాల కట్ట ఇంకా నా దగ్గరే ఉంది.