కాగితాలు లేని పిల్లల్ని ఎలా చేర్చుకోవాలి? – సమాధానం
సరిహద్దు దాటి వచ్చిన పిల్లలకు పుట్టిన సర్టిఫికెట్ లేదని, చేరినవాళ్లూ రెండు నెలలకే మానేస్తున్నారని రాశారు. టెన్షన్ పడకండి. ముందు బడిలో కూర్చోబెట్టండి, కాగితాల సంగతి తర్వాత. రిజిస్టర్‌లో వయసు రాసి, పక్కన ‘తల్లి చెప్పిన ప్రకారం’ అని పెట్టండి. అధికారులు అడిగితే 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 28వ అధికరణం చూపించండి. ప్రాథమిక విద్య అందరికీ ఉచితంగా అందాలని అందులో ఉంది.

మానేయడానికి కారణం చాలాసార్లు ఇంట్లో పసిపిల్లలే. మా బడికి ఒకమ్మాయి తమ్ముణ్ణి చంకనేసుకుని వచ్చి గుమ్మం దగ్గరే నిలబడేది. వాడికీ ఓ చాప వేశాం. ఆ తర్వాత ఆమె ఒక్కరోజు నాగా పెట్టలేదు.

చదవడం ఇంటి భాషలోనే మొదలుపెట్టించండి. కుటుంబం ఊరు మారితే, బిడ్డ ఎంతవరకు చదివిందో రాసి సంతకం చేసి ఇవ్వండి. కొత్త బడిలో మళ్లీ మొదటికి రాకుండా ఉంటుంది.