కార్నియాకి లెక్క కట్టే ముందు

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

బాయిలర్ డ్రమ్ముల మీద ఎం.టెక్ చేసిన నువ్వు కంటి ముందుండే పారదర్శక పొర, కార్నియా మీద పరిశోధనకి దిగావని మీ అమ్మ చెప్పింది. కంటి డాక్టర్ల మధ్య మనకేం పని అని టెన్షన్ పడుతున్నావట. పని ఉందమ్మా. లోపల ప్రెషర్, చుట్టూ పల్చటి గోడ. నీకు తెలిసిన సరుకే.

కంప్యూటర్ మోడల్ కట్టే సాఫ్ట్‌వేర్ తెరవకముందే కాగితం మీద ఓ లెక్క వెయ్యి. కంట్లో ప్రెషర్ 15 మి.మీ. పాదరసం, అంటే 2 కిలోపాస్కల్. వంపు వ్యాసార్ధం 7.8 మి.మీ., మధ్యలో మందం 0.54 మి.మీ. గోళానికి వాడే మన పాత పీఆర్ బై 2టీ ఫార్ములాలో (ప్రెషర్ ఇంటూ వ్యాసార్ధం, బై రెండింతల మందం) వేస్తే గోడలో స్ట్రెస్ 14 కిలోపాస్కల్ దాకా వస్తుంది. లాసిక్‌లో, అంటే కళ్లద్దాలు మాన్పించే ఆపరేషన్‌లో, కార్నియా పైపొరని మూతలా ఎత్తి (అదే ఫ్లాప్) లేజర్ చెక్కాక, ఆ ఫ్లాప్ కింద 0.30 మి.మీ. మిగిలిందనుకో, అదే స్ట్రెస్ 26కి ఎక్కుతుంది. ఫ్లాప్‌ని మందంలో కలపకు. తిరిగి పరిచినా అది పెద్దగా లోడ్ మొయ్యదు. కనీసం 250 మైక్రాన్లు (0.25 మి.మీ.) మిగలాలని సర్జన్లు పట్టుబట్టేది ఇందుకే. రేపు నీ మోడల్ 140 చూపిస్తే యూనిట్లు తప్పాయని పట్టుకోడానికీ ఈ 14 పనికొస్తుంది.

అసలు చిక్కంతా ఆకారం దగ్గర. టోపోగ్రఫీ మెషీన్ ఇచ్చేది అప్పటికే ప్రెషర్‌తో సాగి ఉన్న కార్నియా ఆకారం. దాన్నే మెష్ చేసి (చిన్న ముక్కల వలగా విడగొట్టి) మళ్లీ 15 ఎక్కిస్తే, గాలి కొట్టిన ట్యూబుకి ఇంకోసారి గాలి కొట్టినట్టే. ప్రెషర్ లేనప్పటి ఆకారాన్ని ముందు వెనక్కి లెక్కించాలి. ఒక ఆకారం ఊహించి ప్రెషర్ ఎక్కించు. ప్రతి నోడ్ (వల ముడి) దగ్గరా కొలతకీ ఫలితానికీ ఎంత తేడా వచ్చిందో అంత ఊహలోంచి సవరించి మళ్లీ నడుపు. తేడా మైక్రాన్ కన్నా తగ్గేదాకా వదలకు. చాలామంది విసుగుతో ఇక్కడే ఎగ్గొడతారు, తర్వాత మెటీరియల్ మోడల్‌ని తిడతారు.

కార్నియా తెల్లగుడ్డుని కలిసే అంచులో నోడ్లన్నీ బిగించెయ్యకు. నిజం కంట్లో ఆ అంచు కదులుతుంది. తెల్లగుడ్డునీ మోడల్లో పెట్టు.

ఇక మెటీరియల్. కార్నియా మందంలో 90 శాతం స్ట్రోమా అనే మధ్య పొర, అందులో కొలాజెన్ పొరలు. మధ్యలో పోగులు ఎక్కువగా నిలువుగా, అడ్డంగా పోతాయి. అంచు దగ్గర చుట్టూ తిరుగుతాయి. ముందు భాగంలో అల్లుకుని ఉంటాయి కాబట్టి అక్కడ గట్టిదనం ఎక్కువ. పైగా లాగేకొద్దీ బిగుస్తుంది. అందుకే పేపర్లలో యంగ్స్ మాడ్యులస్ (సాగకుండా ఎదిరించే గట్టిదనం) ఒకరికి 0.3 మెగాపాస్కల్ వస్తే ఇంకొకరికి దానికి ఎన్నో రెట్లు వస్తుంది. ఏ ప్రెషర్ దగ్గర కొలిచారు, ముక్క కోసి లాగారా, మొత్తం కార్నియాని ఉబ్బించారా అని చూడకుండా ఏ సంఖ్యనీ ఎత్తుకోకు. చనిపోయినవారి కార్నియా నీరు పీల్చి ఉబ్బుతుంది, టెస్ట్ సమయంలో మందం ఎంతో కూడా చూడు.

ఇంకో తిరకాసు ఉంది. ఆ 15 ఎక్కడిది? కంటి ప్రెషర్ చూసే గోల్డ్‌మాన్ టోనోమీటర్ 3.06 మి.మీ. వ్యాసం ఉన్న వృత్తాన్ని చదును చెయ్యడానికి పట్టే బలాన్ని కొలుస్తుంది. కార్నియా మందంగా, బిరుసుగా ఉంటే రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది. అంటే నువ్వు కనుక్కోవాలనుకున్న బిరుసుతనం నీ ఇన్‌పుట్‌లోనే దూరి కూర్చుంది. ప్రెషర్‌ని కాస్త అటూ ఇటూ మార్చి మోడల్ నడిపి, జవాబు ఎంత ఊగుతుందో రాసి పెట్టుకో.

లైసెన్స్ డబ్బుల కోసం ఆగకు, ఫెబియో అనే సాఫ్ట్‌వేర్ ఉచితమే. హైదరాబాద్‌లోనే ఉన్నావు కదా, మీ గైడ్ ద్వారా ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్లని అడిగి, కెరటోకోనస్ అనే జబ్బున్న పేషెంట్ల కార్నియా మ్యాపులు చూడ్డానికి అనుమతి తెచ్చుకో. ఆ జబ్బులో ఒకచోట పల్చబడి ముందుకి పొడుచుకొచ్చిన కార్నియాకి గోళం లెక్క ఎక్కడ తప్పుతుందో నీకే తెలుస్తుంది.

మీ మావయ్య