కంప్యూటర్ సందేహాలు: పాత ల్యాప్‌టాప్‌తో ఆండ్రాయిడ్ యాప్

ప్రశ్న: మాకు రెండు రొయ్యల చెరువులున్నాయి. వేసిన మేత, కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు), నీటికి గాలి అందించే ఏరేటర్లు తిరిగిన గంటలు నాన్నగారు నోటుపుస్తకంలో రాస్తుంటారు. ఆ లెక్కలకు నేనే ఒక యాప్ తయారుచేద్దామని 8 జీబీ ర్యామ్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్‌లో ఆండ్రాయిడ్ స్టూడియో వేశాను. కంప్యూటర్‌లోనే ఫోన్‌లా పనిచేసే ఎమ్యులేటర్ తెరిస్తే మౌస్ కూడా కదలడం లేదు. ‘రొయ్యల లెక్క’ అనే ఫోల్డరులో పెట్టిన ప్రాజెక్టు బిల్డ్ కావడం లేదు, అంటే కోడ్ యాప్‌గా మారడం లేదు. జేడీకే (జావా పనిముట్ల సమితి) విడిగా వేయాలని మిత్రులంటున్నారు. కొత్త ల్యాప్‌టాప్ కొనక తప్పదా?
– ఒక పాఠకుడు, ఇందుకూరుపేట, నెల్లూరు జిల్లా

జవాబు: కొననక్కరలేదు. జేడీకే విడిగా వేయాలన్నది ఒకప్పటి మాట; ఇప్పుడది ఆండ్రాయిడ్ స్టూడియోతోనే వస్తుంది.

బిల్డ్ ఆగిపోవడానికి కారణం చాలావరకు ఆ ఫోల్డరు పేరే. విండోస్‌లో ప్రాజెక్టు ఉన్న చోటికి వెళ్లే దారిలో ఇంగ్లిషు కాని అక్షరం ఒక్కటి కనిపించినా ఆండ్రాయిడ్ బిల్డ్ మొరాయిస్తుంది. సీ డ్రైవులో నేరుగా ఒక ఫోల్డరు తెరిచి, ఖాళీలు లేకుండా ఇంగ్లిషు అక్షరాలతో పేరు పెట్టి, ప్రాజెక్టును అందులోకి మార్చండి. విండోస్‌లో మీ యూజర్ పేరు కూడా తెలుగులోనే ఉంటే, ఎస్‌డీకేను (ఆండ్రాయిడ్ యాప్‌ల తయారీకి కావలసిన పనిముట్ల సమితిని) సైతం అలాంటి ఫోల్డరులోనే పెట్టుకోవడం మంచిది. ఇంత చెప్పినా మీరు తెలుగు పేరును వదులుకోనక్కరలేదు: ఫోన్ తెర మీద కనిపించే పేరు ప్రాజెక్టులోని స్ట్రింగ్స్ (strings.xml) ఫైలులో ఉంటుంది కనుక, అక్కడ ‘రొయ్యల లెక్క’ అనే రాయండి.

ఇక ఎమ్యులేటర్ సంగతి. ఆండ్రాయిడ్ స్టూడియో ఒక్కదానికే కనీసం 8 జీబీ ర్యామ్ ఉండాలని, ఎమ్యులేటర్ కూడా నడపాలంటే 16 జీబీ కావాలని గూగుల్ చెబుతోంది. కాబట్టి తప్పు మీ ల్యాప్‌టాప్‌ది కాదు. ఎమ్యులేటర్‌ను పక్కన పెట్టి మీ ఫోన్‌నే వాడండి. సెట్టింగ్స్‌లో ఫోన్ వివరాలు ఉన్నచోట బిల్డ్ నంబర్‌ను ఏడుసార్లు తాకితే డెవలపర్ ఆప్షన్స్ బయటపడతాయి. అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, కేబుల్ కలిపి, ఫోన్ అడిగే అనుమతికి సరేనండి. అప్పటికీ స్టూడియోలో ఫోన్ పేరు రాకపోతే ముందు కేబుల్ మార్చి చూడండి, ఎందుకంటే చార్జింగ్‌కు తప్ప మరి దేనికీ పనికిరాని కేబుళ్లు మన ఇళ్లలో చాలానే ఉంటాయి. ఆండ్రాయిడ్ 11 గాని, ఆపై వెర్షన్ గాని ఉన్న ఫోన్ అయితే వైఫై ద్వారానే కలపవచ్చు. నిజానికి ఎండలో, తడిచేతులతో వాడే యాప్‌కు అసలు ఫోన్ మీద జరిగే పరీక్షే పరీక్ష.

మీరు అడగకపోయినా ఒక సంగతి చెప్పాలి. ప్రాజెక్టును మొదటిసారి తెరిచినప్పుడు బిల్డ్ పని చేసే గ్రేడిల్ అనే పనిముట్టు తనకు కావలసిన లైబ్రరీలన్నిటినీ (ముందే రాసిపెట్టిన కోడ్ ముక్కలను) నెట్ నుంచి దించుకుంటుంది, దానికి చాలాసేపు పడుతుంది. ఆగిపోయిందనుకుని మధ్యలో మూసేసి, మళ్లీ మళ్లీ ఇన్‌స్టాల్ చేసి విసిగిపోయేవారే ఎక్కువ. ఆ మొదటి బిల్డ్‌ను నెల్లూరులో మంచి వైఫై ఉన్న బంధువుల ఇంట్లో పూర్తిచేసుకుని వస్తే, తర్వాత చెరువు గట్టున గ్రేడిల్‌ను ఆఫ్‌లైన్ మోడ్‌లో పెట్టి పని సాగించవచ్చు. కొత్త లైబ్రరీ చేర్చినప్పుడే మళ్లీ నెట్ కావాలి. కనీస ఆండ్రాయిడ్ వెర్షన్‌ను ఎంచుకునేటప్పుడు మాత్రం మీ ఫోన్‌ను కాక, చెరువు దగ్గర మేత వేసే మనిషి చేతిలోని పాత ఫోన్‌ను చూడండి.

ప్రశ్న: ఒకే కోడ్‌తో ఆండ్రాయిడ్, ఐఫోన్ యాప్‌లు చేసే ఫ్లటర్‌తో విండోస్ ల్యాప్‌టాప్‌లో రాసిన యాప్‌ను ఐఫోన్‌కు కూడా ఇవ్వవచ్చా?
– ఒక విద్యార్థిని, ఒంగోలు

జవాబు: కోడ్ రాయడం వరకు విండోస్ చాలు. ఐఫోన్ యాప్‌గా బిల్డ్ చేయడానికి యాపిల్ వారి సాఫ్ట్‌వేర్ ఎక్స్‌కోడ్ కావాలి, అది మ్యాక్ మీద తప్ప నడవదు. ముందు ఆండ్రాయిడ్‌కు పూర్తిచేసి, చివరి బిల్డ్‌కు తెలిసినవారి మ్యాక్ అడగండి.