ఇటలీ ద్రాక్షల వైన్లను విడుదల చేయబోతున్న చిరంజీవికి

చిరంజీవికి ఆశీస్సులు.

వెర్మెంటినో, బార్బెరా, సాంజియోవేసే, నెబ్బియోలో వైన్లను నాలుగింటినీ ఒకే రోజున విడుదల చేయాలనుకుంటున్నట్లు నీవు రాసిన ఉత్తరం అందింది. చిన్న వైనరీకి పెట్టుబడి త్వరగా చేతికి రావడం ఎంత అవసరమో నాకు తెలియనిది కాదు. అయినా నాలుగింటికీ ఒకే ముహూర్తం పెట్టవద్దనే నేను చెబుతాను.

వెర్మెంటినో తెల్ల వైన్. దానికున్న ఆస్తి పరిమళమే కనుక, కోత జరిగిన కొద్ది నెలలకే, ఆ పరిమళం తాజాగా ఉండగానే అమ్మివేయడం మేలు. బార్బెరాలో పులుపు ఎక్కువ, వగరు తక్కువ. పీపాలో ఎక్కువ కాలం ఉంచకపోయినా నోటికి గరుకుగా తగలదు కాబట్టి రెండవ విడుదల దానిదే కావాలి. సాంజియోవేసేను ఆ తరువాతి ఏడాదికి ఉంచుకో.

నీ ఆత్రమంతా నెబ్బియోలో మీదనే ఉందని ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. ఇటలీలోని పియెమొంటే కొండల్లో ఆలస్యంగా పండే ఈ ద్రాక్షను అక్టోబరు పొగమంచు కమ్మే రోజుల్లో కోస్తారు. పొగమంచుకు ఇటాలియన్ మాట అయిన 'నెబ్బియా' నుంచే దీనికి ఆ పేరు వచ్చిందని చాలామంది చెబుతారు. అక్కడ ఈ ద్రాక్షతోనే చేసే బరోలో వైన్‌ను, కోత జరిగిన ఏడాది నవంబరు 1 నుంచి లెక్కించి, కనీసం 38 నెలలు నిల్వ ఉంచాలని, అందులో 18 నెలలు కొయ్య పీపాలోనే ఉండాలని నియమం. ఆ నియమం నీకు వర్తించదు. కాని తొక్కల నుంచీ గింజల నుంచీ దిగిన వగరు మెత్తబడడానికి ఎంత కాలం పడుతుందో దానిని బట్టి తెలుసుకోవచ్చు. అప్పు వాయిదా తరుముకొస్తుంటే నేనొకసారి ఏడాదిన్నరకే నా నెబ్బియోలో వైన్ అమ్మాను. నా కోసం దాచుకున్న పెట్టెను మూడేళ్ల తరువాత తెరిస్తే అది ఎంతో బాగుంది, కాని మొదట కొన్నవారెవరూ మళ్లీ నా దగ్గరకు రాలేదు.

నెబ్బియోలో రంగు లేతగా ఉంటుంది. చూసినవారు పలచని వైన్ అనుకుని, తాగాక వగరుకు ఉలిక్కిపడతారు; గ్లాసులో పోసేటప్పుడే ఆ సంగతి చెప్పించు. రుచి చూపేటప్పుడు తెల్ల వైన్‌తో మొదలుపెట్టి, నెబ్బియోలోను చివరికి ఉంచు. ఇవన్నీ భోజనంతో తాగే వైన్లు కనుక, ఖాళీ కడుపుతో ఉన్నవారి అభిప్రాయాన్ని అంతగా పట్టించుకోకు.

లేబుల్ మీద ద్రాక్ష పేరు, నీ ఊరి పేరు చాలు. బరోలో, కియాంతీ అనేవి ప్రాంతాల పేర్లు. వాటికి చట్టరక్షణ ఉంది. వచ్చే ఏడాది మోంతెపుల్చానో నాటుతానన్నావు. అది ద్రాక్ష పేరు. అదే పేరుగల టస్కనీ పట్టణంలో చేసే 'వినో నోబిలే'కు మూలం మాత్రం సాంజియోవేసే. కొనేవారు ఎప్పుడూ తికమకపడేది ఇక్కడే.

ఈ వారంలో ఒక నెబ్బియోలో సీసా తెరిచి, మూడు రోజుల పాటు రోజుకు కొంచెం రుచి చూసి నాకు రాయి. మూడవ రోజున కూడా నాలుక పిడచకట్టుకుపోతుంటే, ఆ పెట్టెలను మరో ఏడాది గదిలోనే ఉండనివ్వు.