అమ్మమ్మ కుట్టిన బొంత

సందేహం: మా అమ్మాయికి డాలస్‌లో ఆడపిల్ల పుట్టింది. నా పాత నేత చీరలతో మనవరాలికి చేత్తో ఒక బొంత కుట్టి పంపుదామని మొదలుపెట్టాను. దాని మూలన దారంతో ఒక మాట కుడదామని ‘అమ్మమ్మ చేత ప్రేమతో కుట్టబడిన బొంత’ అని కాగితం మీద రాసుకున్నాను. వీడియో కాల్‌లో అది చూసిన మా అమ్మాయి, ‘బొంత ఏమిటమ్మా, బిచ్చగాళ్లదిలా! క్విల్ట్ అని పెట్టు’ అంది. మా తోడికోడలేమో ‘శిశుకంథ’ అంటే హుందాగా ఉంటుందంటోంది. ఏది రాయమంటారు? అలాగే ‘కుట్టుతున్నాను’ అనాలా, ‘కుడుతున్నాను’ అనాలా?
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: అమ్మా, ముందుగా మనవరాలికి దీవెనలు. మీరు బొంత అనే రాయండి. పాత బట్టల్ని పొరలు పొరలుగా పేర్చి, అవి జరగకుండా గుడ్డంతా దగ్గర దగ్గరగా కుట్లు వేసినదానికి కోస్తాలోనైనా, తెలంగాణలోనైనా, సీమలోనైనా ఉన్న పేరు అదే.

మీ అమ్మాయికి ఆ మాట నామోషీగా తోచిందంటే తప్పు పట్టలేం. ఈ తరం పిల్లల చెవిన ‘బొంత’ పడేది ఎక్కువగా తిట్లలోనే. నాలుగు పార్టీలు కలిసి గద్దెనెక్కితే పేపర్లో ‘అతుకుల బొంత సర్కారు’ అని శీర్షిక వస్తుంది. దొందూ దొందే అన్నట్టు ఏదైనా సంబంధం కుదిరితే ‘గంతకు తగ్గ బొంత’ అని మూతి విరుస్తారు. ఈ సామెతలో గంత అంటే బరువులు మోసే పశువు వీపున వేసే జీను. జీను ఎంత నాసిరకమో, దాని కింద వేసే బొంతా అంతే అని ఎత్తిపొడుపు. ఇక బొంతకాకి, బొంత అరటి, బొంతజెముడు లాంటి మాటల్లో బొంత అంటే లావైనది, ముతకది అని. ఇన్ని మాటలు చుట్టూ చేరాక అసలు బొంత పాపం మూలకు పోయింది.

బిచ్చగాళ్ల వాసన వద్దనుకుంటే మాత్రం ‘కంథ’ జోలికి అసలే పోకూడదు. సంస్కృతంలో కంథా అంటే చింకిపాతలు అతికి కుట్టిన వస్త్రం. అది ముఖ్యంగా భిక్షాటన చేసే సన్యాసుల ఒంటి మీద ఉండేది. ‘శిశుకంథ’లో సమాసపరంగా దోషం లేదు. కానీ మీ తోడికోడలు బిచ్చగాణ్ణి తప్పించబోయి బైరాగిని ఇంటికి పిలుస్తున్నారు!

ఆ కంథే బెంగాల్లో కాంథా అయింది. అక్కడి ఇల్లాళ్లు కూడా మీలాగే పాత నూలు చీరల్ని పొరలుగా వేసి, పాత చీర అంచుల్లోంచి లాగిన రంగు పోగులతోనే కుట్టేవారు. సూది ఒకసారి కిందికి, ఒకసారి పైకి వెళ్లే మామూలు కుట్టు అది. ఇప్పుడు అదే కుట్టు పట్టుబట్ట మీదికెక్కి ‘కాంథా వర్క్ చీర’ అన్న పేరుతో మన షాపుల్లో వేలల్లో పలుకుతోంది. మీ అమ్మాయి బీరువాలో అలాంటి చీర ఒకటి ఉన్నా ఆశ్చర్యం లేదు. బెంగాలీ బొంతలో లేని నామోషీ తెలుగు బొంతలో ఎక్కడి నుంచి వచ్చిందో ఒకసారి అడిగి చూడండి. ఉత్తర కర్ణాటకలో దీన్ని కౌది అంటారు. మరాఠీవాళ్లు గోధడి అంటారు. ఆ రెండూ ఇప్పటికీ ఇళ్లలో వాడుకలో ఉన్న మాటలే.

పుట్టిన బిడ్డకు పాతబట్ట వాడటం కూడా పేదరికం వల్ల వచ్చింది కాదు. మన ఇళ్లలో కలవారైనా సరే, పసికందును ముందు పాత నూలు పంచెలోనో చీరముక్కలోనో చుట్టేవారు. కొత్తబట్టకు గంజి ఉంటుంది, ఒరుసుకుంటుంది. ఏళ్ల తరబడి ఉతికిన నూలుకైతే ఆ బిరుసు పోయి చెమట పీల్చే గుణం వస్తుంది. బిహార్‌లోని ముజఫర్‌పూర్ వైపు ‘సుజని’ అనే కుట్టుపని ఉంది. అక్కడ పాత చీరముక్కల్ని కలిపి పుట్టిన బిడ్డను చుట్టేందుకే దాన్ని కుట్టేవారు. అంటే మీరు చేస్తున్నది మన దేశంలో చాలాచోట్ల అమ్మమ్మలు చేసిన పనే.

క్విల్ట్ సంగతి వేరు. ఆ ఇంగ్లిషు మాటకు మూలం లాటిన్‌లో ‘కుల్కిటా’, అంటే లోపల ఏదైనా కూరిన పరుపు. పైన ఒక బట్ట, కింద ఒక బట్ట, నడుమ దూదో ఉన్నో పెట్టి కుట్టేదే క్విల్ట్. మనవాళ్లు రజాయి అనేది దాన్నే. బొంతలో నడుమ కూరేదేమీ లేదు. పైన కనిపించేదీ లోపల దాగేదీ చీరలే. కాబట్టి మీ అమ్మాయి స్నేహితులకు చెప్పేటప్పుడు క్విల్ట్ అనుకుంటే అననివ్వండి, బొంత మీద మాత్రం బొంత అనే ఉండనివ్వండి.

దుప్పటి అని సర్దుకుందామా అని మీరు అడగలేదు గానీ చాలామంది అలా రాస్తున్నారు. దుప్పటి ఒంటిపొర బట్ట. కోస్తాలో చాలా ఇళ్లలో అది కప్పుకునేదే. బొంతను పరుచుకోనూవచ్చు, కప్పుకోనూవచ్చు. ‘పరచు’ లోంచే పరుపు వచ్చింది. మీ బొంతకు కూడా కప్పడం కంటే పరచడమే నప్పుతుంది. ఎందుకంటే ఏడాది నిండని పిల్లలు పడుకునే తొట్టిలో వదులుగా ఉండే దుప్పట్లు, మెత్తటి బొంతలు వేయొద్దని అమెరికాలోని పిల్లల డాక్టర్ల సంఘం గట్టిగా చెబుతుంది. అవి ముక్కుకు అడ్డం పడతాయన్న భయం. బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు, పెద్దవాళ్లు పక్కనుండగా, నేల మీద పరిచి బోర్లా పడటం నేర్పడానికి మీ బొంత భేషుగ్గా ఉంటుంది. బోర్లా పడితే బొబ్బట్లు చేయడం మాత్రం మరిచిపోవద్దని చెప్పండి.

ఇక క్రియ దగ్గరికి వద్దాం. ‘కుడుతున్నాను’ అన్నదే సరి. ట్టుతో ముగిసే క్రియలన్నీ ఇంతే. కట్టు – కడతాను, పెట్టు – పెడతాను, తిట్టు – తిడతాను, కుట్టు – కుడతాను. జరిగిపోయినదాన్ని చెప్పేటప్పుడు ట్ట తిరిగి వస్తుంది: కట్టాను, పెట్టాను, కుట్టాను. గ్రాంథికంలో ‘కుట్టుచున్నాను’ అని ఉంది కాబట్టి, దాన్ని సగం వ్యావహారికం చేసి ‘కుట్టుతున్నాను’ అని రాస్తున్నారు. అది చెవికి పట్టదు. ఇక్కడే ఇంకో సరదా ఉంది. తెలుగులో ‘కుడుచు’ అని వేరే క్రియ ఉంది, చప్పరించి తాగడం అని అర్థం. కాబట్టి ఇప్పుడు డాలస్‌లో మనవరాలు పాలు కుడుస్తోంది, తెనాలిలో అమ్మమ్మ బొంత కుడుతోంది. ఒక్క ‘స్’ తేడా. ఆ పాలు తాగే బిడ్డను చంటిబిడ్డ అనడమూ ఇలాంటిదే. కన్ను ‘కంటి’ అయినట్టు చన్ను ‘చంటి’ అయింది.

కొందరు ‘బొంత అల్లాను’ అంటున్నారు. స్వెట్టరు అల్లుతాం, బుట్ట అల్లుతాం, చీర నేస్తాం, బొంత కుడతాం. సూది పడితే కుట్టడమే. ఈనెపుల్ల గుచ్చి విస్తరి చేసినా కుట్టడమే, చివరికి తేలు చేసేదీ కుట్టడమే.

తేలు మాట వచ్చింది కాబట్టి, మీరు రాసుకున్న వాక్యంలో నాకు మింగుడుపడనిది ‘చేత కుట్టబడిన’. ‘తేలు చేత కుట్టబడిన’ అన్నట్టు లేదూ? ‘రామునిచేత రావణుడు చంపబడెను’ అని బడిలో మనకు నేర్పిన కర్మణి ప్రయోగం ఇది. సంస్కృతానికి, ఇంగ్లిషుకు అది సహజం. మన నోటికి మాత్రం పెద్దగా రాదు. ఎక్కడ కనిపిస్తుందంటే బోర్డుల మీద: ‘ఇచ్చట జాకెట్లు కుట్టబడును’. ఆ బోర్డు పెట్టిన టైలరు కూడా మీరు వెళ్లి అడిగితే ‘కుడతామమ్మా, శుక్రవారం రండి’ అంటాడు గానీ, ‘కుట్టబడును, రండి’ అనడు.

పైగా మన వాడుకలో ‘చేత’ వేరే పనికి ఉంది. ‘టైలరు చేత కుట్టించాను’ అంటాం. చేసేది ఒకరు, చేయించేది ఇంకొకరు. ‘అమ్మమ్మ చేత’ అని చదవగానే ఎవరో మీ మెడ మీద కూర్చుని కుట్టించారేమో అనిపిస్తుంది. చేతికుట్టు అని తెలియాలంటే ‘చేత్తో’ అనండి. చేతితో అన్నదే వాడుకలో చేత్తో అయింది. ‘ప్రేమతో’ అన్నది తీసేయమనే నా సలహా. అంగడి గ్రీటింగు కార్డుల మీద ఆ మాట వాడీ వాడీ పలచబడిపోయింది. దూరాన ఉన్న మనవరాలికి కళ్లజోడు పెట్టుకుని బొంత కుట్టే అమ్మమ్మకు ఆ మాట విడిగా రాయాల్సిన అవసరమూ లేదు.

ఇక మిగిలింది ‘అమ్మమ్మ కుట్టిన బొంత’. మూడు మాటలు చాలు. చేతికుట్టని చెప్పి తీరాలనుంటే ‘అమ్మమ్మ చేత్తో కుట్టిన బొంత’. కింద పాప పుట్టిన తేదీ అంకెల్లో వేయండి.

చిన్న జాగ్రత్త. ఈ మూడు మాటల్లో ఒత్తులు మూడున్నాయి, మూడూ వరస కిందికి దిగేవే. అంచుకు మరీ ఆనించి రాస్తే ట కింది ఒత్తు మడతలోకి పోతుంది. రెండు వేళ్ల ఎడం వదిలి, ముందు పెన్సిలుతో గీసుకుని గొలుసుకుట్టుతో పొండి. దారం ముళ్లు పైకి రాకుండా పొరల మధ్యకు లాగేయండి, పాపకు గుచ్చుకోవు. సున్నాను మాత్రం కాస్త పెద్దదిగానే కుట్టండి, అది జారితే బొంత కాస్తా ‘బొత’ అయి కూర్చుంటుంది.